పెరికి తెచ్చిన పచ్చదనం

జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద ఇంట్లో పొద్దున్నే టీ కాగుతోంది. ఇందులో చెప్పుకోవడానికి ఏముందని మీరనుకోవచ్చు. కాస్త ఆగండి. ఆ టీ కాగుతున్నది వంటింట్లో కాదు, ఇంటి వెనక, కార్ల షెడ్డు పక్కన రేకులు దించి కట్టిన మూలలో. గ్యాస్ సిలిండర్ మీద. లోపల అసలు వంటింట్లో నల్లటి అద్దాల్లాంటి కరెంటు పొయ్యిలు వరసగా మెరుస్తున్నాయి. వాటి మీద ఇంతవరకూ పాలు పొంగలేదు, చారు మరగలేదు. రోజూ వాటిని తుడవడం వంటమనిషి ఆదినారాయణ పని. కొత్తగా పనికి కుదిరిన వాళ్ళకు ఆయన ముందుగా చెప్పే మాట ఇదే: "అవి చూపించుకోడానికి, ఇది వండుకోడానికి." అందులో తప్పున్నట్టు ఆయనకు ఎప్పుడూ తోచలేదు. తోచి ఉంటే ఆ ఇంట్లో అన్నాళ్ళు ఉండేవాడు కాదు.

ఆ ఇల్లు రవిచంద్రది. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో కోస్తా నుంచి వచ్చి కంప్యూటర్ల కంపెనీ పెట్టాడు. కంపెనీ కలిసొచ్చాక గుట్ట మీద స్థలం కొన్నాడు. ఆ స్థలంలో అప్పుడు ఏనుగు వీపుల్లాంటి బండలుండేవి. బండల సందుల్లో తంగేడు, వావిలి, రేల, సీతాఫలం ఎవరూ నీళ్ళు పోయకుండా పెరిగేవి. మందు పెట్టి బండలు పేల్చారు. చెట్లను మిషనుతో ఊడ్చేశారు. ఊడ్చినచోట పరదేశం నుంచి తెప్పించిన గడ్డి పరిచి, ఒక్క పిట్ట కూడా వాలని పామ్ చెట్లు నాటారు. ఆ గడ్డికి రోజూ ట్యాంకరు నీళ్ళు పోసేవారు. కింద కృష్ణానగర్‌లో ఆడవాళ్ళు అదే ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని కొట్టుకునేవారు.

తర్వాత ఫ్యాషన్ మారింది. పెద్దవాళ్ళ పార్టీల్లో మన నేల మొక్కలు, మన పెరటి కూరలు, పొగలేని వంటిల్లు అంటూ మాటలు మొదలయ్యాయి. మంచి మాటలే. నేను వాటిని వెక్కిరించడం లేదు. ఈ నేలలో పుట్టిన మొక్క ఈ నేలలోనే పెరగాలి, తినే కూర వాకిట్లో కాయాలి, పొయ్యి కరెంటుతో వెలగాలి. మూడూ కలిసిన ఇల్లు నిజంగా ఉంటే ఆ గడపకు దండం పెట్టాలి. కానీ రవిచంద్ర భార్య లాస్యకు కావలసింది ఆ ఇల్లు కాదు, ఆ ఇల్లు తనదని టీవీలో రావడం.

'పచ్చని గడప' అని ఒక టీవీ కార్యక్రమం ఉండేది. నగరంలో ఆదర్శంగా ఉన్న ఇళ్ళను చూపించి, ఏడాది చివర బహుమతి ఇస్తారు. లాస్య దానికి తన ఇంటి పేరు పంపింది. ఇంటి మీద సౌరపలకలు పెట్టించింది, వైర్లు కలిపించే తీరిక దొరకలేదు. వెనక తోటలో నర్సరీ నుంచి నాటు మొక్కలు తెప్పించి నాటించింది. వాటికి సన్న పైపులు వేయించింది, పైపులకు నీటి కుళాయి కలపడం ఎవరి పనో తేలలేదు. దసరా వెళ్ళి, టీవీవాళ్ళు వచ్చే రోజు దగ్గరపడేసరికి తోటలో మిగిలింది పుల్లలూ, వాటికి కట్టిన పేర్ల చీటీలూను.

అప్పుడు ఆ ఇంటి మేనేజరు తిరుమలేశ్ ఒక ఉపాయం చెప్పాడు. మనది సినిమా ఊరు కదా, తోట కావాలంటే తోట కట్టేవాడే ఉన్నాడన్నాడు. అలా త్రినాథరావుకు కబురు వెళ్ళింది.

త్రినాథరావు కృష్ణానగర్‌లో ఒక ఇరుకు వాటాలో భార్య పుష్పవల్లితో ఉండేవాడు. సినిమా సెట్టింగుల్లో చెట్లూ తోటలూ కట్టడం ఆయన పని. మోడు చెట్టుకు రాత్రికి రాత్రి పూలు పూయించగలడు. మార్కెట్లో కొన్న మామిడికాయల్ని సన్నటి నైలాన్ దారంతో కొమ్మలకు కట్టి, హీరోయిన్ చెయ్యి అందేంత ఎత్తులో వేలాడదీయగలడు. ఆ పనిలో ఒకే సూత్రం ఉంది: షాట్ ఓకే అయ్యేదాకా పచ్చగా ఉంటే చాలు. అంతకుమించి ఏ ఆకు గురించీ ఎవడూ పట్టించుకోడు. కానీ ఇప్పుడు పాటలు పరదేశంలో తీస్తున్నారు, తోటలు కంప్యూటర్లో వేస్తున్నారు. తెర మీద కళాదర్శకుడిగా తన పేరు ఒక్కసారి పడాలని పాతికేళ్ళుగా కూర్చున్న మనిషికి పనే దొరకని రోజులొచ్చాయి. రవిచంద్ర సినిమా తీయబోతున్నాడు. ఈ తోట పని బాగా చేస్తే ఆ సినిమాకు నువ్వే ఆర్ట్ డైరెక్టరువని తిరుమలేశ్ ఆశ పెట్టాడు.

ముందురోజు సాయంత్రం త్రినాథరావు అలవాటు ప్రకారం వంకాయలు, టమాటాలు మొక్కలకు కట్టి చూపించాడు. లాస్య దగ్గరకొచ్చి చూసి పెదవి విరిచింది.

"దారం కనిపిస్తోందండీ రావుగారూ. వాళ్ళు క్లోజప్‌లు తీస్తారు. వచ్చే గెస్టు అగ్రికల్చర్‌లో పెద్దాయన. నాకు రియల్‌గా కావాలి."

రియల్ ఎక్కడుందో తిరుమలేశ్ చూపించాడు. వెనక గోడ మీదుగా వేలు పెట్టి. "గా పక్క సూడు రావుసాబ్. గుట్ట మీద గుడిసె. ఏం తోట ఉన్నది!"

గోడకు అవతల, పేల్చకుండా మిగిలిన బండల మధ్య రేకుల ఇల్లొకటి ఉంది. ముందు చిన్న వాకిలి. వాకిట్లో పందిరి నిండా చిక్కుడు పాదు, తెల్లపూలూ లేతకాయలూ. గోడవారన బచ్చలి, పాత రంగుడబ్బాల్లో గోంగూర, బండ సందులో గంగవాయిలి కూర. దడి తంగేడు, పసుప్పచ్చగా విరగబూసి. త్రినాథరావుకు చూడగానే అది కెమెరాలో ఎంత బాగుంటుందో తోచింది. ఆ వాకిలి ఎవరి కడుపు నింపుతోందో తోచలేదు. పనితనం ఒక్కోసారి మనిషిని అలా గుడ్డివాణ్ణి చేస్తుంది.

ఆ ఇల్లు బాలమణిది. పాలమూరు వైపు నుంచి వచ్చి సినిమాల్లో గుంపు వేషాలు వేస్తుంది. ఆమె భర్త వీరయ్య షూటింగులకు లైట్లు కట్టేవాడు. ఎత్తు మీంచి పడి నడుం విరిగాక గడపలో కూర్చోవడం తప్ప ఏమీ చేయలేడు. చిరునామాకు కాగితాలు లేవని గ్యాస్ ఇవ్వలేదు కనుక, ఆ ఇంట్లో అన్నం వండేది కాయిల్ తిరిగిన కరెంటు హీటరు మీద. వేషం దొరకని రోజున ఆ ఇంటి కూర ఆ పాదుదే. చిక్కుడు పట్టుకుంటే చలికాలం గడిచినట్టే. బతుకమ్మకు బస్తీలో ఆడవాళ్ళందరూ తంగేడు పూలకు ఆ దడి దగ్గరికే వచ్చేవారు.

గమనించారా? మన నేల మొక్క, వాకిటి కూర, కరెంటు పొయ్యి. మూడూ గోడకు అవతలే ఉన్నాయి. అక్కడ ఉన్నంతకాలం దాన్ని కబ్జా అన్నారు. గోడకు ఇవతలికి వస్తే ఆదర్శం అవుతుంది.

మొక్కలు కొనేశామని తిరుమలేశ్ త్రినాథరావుతో చెప్పాడు. నిజానికి కొనలేదు. తెల్లవారకముందే బాలమణి వేషాలిప్పించే ఏజెంటు పిలుపు మీద కృష్ణానగర్ చౌరస్తాకు వెళ్ళిపోయింది. ఆమె లేని వేళ చూసి తిరుమలేశ్ వీరయ్య దగ్గర కూర్చున్నాడు. మున్సిపాలిటీ బండి వస్తోందని, గుట్ట మీద దడి కనిపించిన చోటల్లా కబ్జా అని రాసుకుంటున్నారని చెప్పాడు. "మొక్కలు తీసేస్తె ఇల్లు మిగుల్తది. లేకుంటె రెండూ పోతయ్. నీ మంచికే చెప్తున్న వీరన్నా," అన్నాడు. కదల్లేని మనిషికి ఇల్లు పోతుందంటే ఏం నోరొస్తుంది? వీరయ్య తల వంచుకున్నాడు. తిరుమలేశ్ కూడా ఈ గుట్టల్లో పుట్టినవాడే, వీరయ్య మాట్లాడే మాటే మాట్లాడేవాడు. అందుకే ఆ అబద్ధం అంత తేలిగ్గా అతికింది.

త్రినాథరావు మనుషులు గడ్డపారలతో దిగారు. చిక్కుడు పాదును పందిరి గుంజలతో సహా నలుగురు మోశారు. తంగేడు వేరు బండ సందులోకి దిగి రాలేదు, నరికి లాగారు. పందిరికి తీగను ఎర్రచీర అంచు పేలికలతో కట్టి ఉంటే, ఒక పనివాడు అవి విప్పబోయాడు. త్రినాథరావు ఆపాడు. "ఉండనీరా, పల్లెటూరి కళ వస్తుంది." పొద్దెక్కేసరికి లాస్య తోట పచ్చగా నిలబడింది. బాగా తడిపిన మట్టి వాసన కూడా వచ్చింది. లాస్య చప్పట్లు కొట్టింది.

ఇక కృష్ణానగర్ చౌరస్తాలో జరిగింది వినండి. గుంపు వేషాల వాళ్ళకు ఎక్కడికి తీసుకెళ్తున్నారో, ఏం షూటింగో ఎవరూ చెప్పరు. వ్యాను ఎక్కమంటే ఎక్కాలి, దిగమంటే దిగాలి. పల్లెటూరి ముఖం ఉన్న ఆడమనిషి ఒకతి కావాలని టీవీవాళ్ళు అడిగారట. ఏజెంటు చాలాసేపు నిలబెట్టి బాలమణిని ఎంచాడు. వ్యాను ఆమెను ఎక్కించుకుని, ట్రాఫిక్‌లో తిరిగి తిరిగి, ఆమె ఇంటి గోడకు ఇవతలే దింపింది. నడిచొస్తే టీ తాగేంతసేపు పట్టని చోటికి సగం పొద్దు పట్టింది. తోటపని చేసే మనిషిగా నీలం చీర కట్టించి, చేతికి వెదురుబుట్ట ఇచ్చి తోటలోకి తెచ్చారు. అమ్మగారితో కలిసి నవ్వుతూ చిక్కుడుకాయలు కోయాలి, వాటిని అమ్మగారి దోసిట్లో పోయాలి. అంతే వేషం.

బాలమణి పందిరి కిందికి వచ్చింది. చెయ్యి పైకెత్తింది. ఆ చెయ్యి ఎర్రంచు పేలిక దగ్గర ఆగిపోయింది. ఆ చీర ఆమె పెళ్ళిచీర. చిరిగిపోతే అంచు దాచుకుని పాదుకు కట్టింది. ఆమె తలెత్తి పందిరి చూసింది, బచ్చలి చూసింది, రంగుడబ్బాలు చూసింది. చివరికి తంగేడు చూసింది. అప్పటికే దాని ఆకులు ముడుచుకుంటున్నాయి.

"గీ పాదు నాది," అంది మెల్లగా.

టీవీ డైరెక్టరుకు మాట వినిపించలేదు, పెదాలు కదలడం కనిపించింది. డైలాగు లేదమ్మా, నవ్వితే చాలన్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ ఏడాది కోతలు అలా ఉండేవి. లోపల చల్లటి గాలి ఆగింది, వంటింట్లో చూపించడానికి వెలిగించిన కరెంటు పొయ్యి ఆరింది. పొగలేని ఇల్లు కొద్దిసేపు చచ్చి పడుకుంది. వెనక గోడవారనున్న డీజిల్ జనరేటరును తిరుమలేశ్ ఆన్ చేయించాడు. దాని గొట్టం గోడ అవతలికి తిరిగి ఉంది. ఇంటివాళ్ళ ముక్కులకు తగలకుండా అలా పెట్టించారు. నల్లటి పొగ ఉండలుగా వెళ్ళి వీరయ్య గడపలో పడింది. ఆయన అక్కడ ఆరిపోయిన హీటరు మీద ఉడకని బియ్యం పెట్టుకుని, దగ్గుకుంటూ భార్య కోసం చూస్తున్నాడు.

ఆ దగ్గు బాలమణికి వినిపించింది. ఏజెంటు కళ్ళెర్రజేశాడు. షాటు చెడగొడితే రేపటి నుంచి ఏ వ్యానూ ఎక్కనివ్వడని ఆమెకు తెలుసు. ఆమె నవ్వింది. కాయలు కోసింది. లాస్య దోసిట్లో పోసింది. లాస్య కెమెరా వైపు తిరిగి, ఇవి మా చేతులతో పెంచుకున్నవి, మా పిల్లలు బయటి కూరలు ముట్టరు అంది. షాట్ ఓకే అయింది. సినిమా ఊళ్ళో ఏడుపు నటించినవాళ్ళను చాలామందిని చూశాను. అంత కష్టపడి నవ్వినవాళ్ళను ఇంకెవరినీ చూడలేదు.

తర్వాత ముఖ్య అతిథి బసవపున్నయ్య మాట్లాడాలి. వ్యవసాయ శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు, మొక్కల గురించి టీవీల్లో చెబుతుంటాడు. ఆయన తోటంతా తిరిగి తంగేడు ముందు ఆగాడు. చెయ్యంత లావు మొదలు. మూడు నెలల క్రితం నాటామని లాస్య చెప్పింది. ఆయన కిందికి వంగి మట్టి కదిపి, నరికిన వేరు చూశాడు. అంతా అర్థమయింది. అయినా లేచి, చేతులు దులుపుకుని, కప్పిన శాలువా సర్దుకుని మైకు ముందు నిలబడ్డాడు. ఈ ఇల్లు నగరానికి దారి చూపుతోంది, ప్రతి ఇల్లూ ఇలా కావాలి అని చక్కగా చెప్పాడు. తెలియక చెప్పేవాణ్ణి క్షమించొచ్చు. తెలిసి చెప్పే పెద్దమనుషుల్ని ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

కెమెరాలు సర్దుతుండగా బాలమణి లాస్య ముందుకొచ్చి నిలబడింది. చీర ఇంకా ఆ వేషం చీరే. చేతిలో పాదు నుంచి విప్పిన ఎర్రపేలిక.

"అమ్మా, మీ పని అయింది గద. నా మొక్కలు నాకియ్యుండ్రి. పొద్దు గూకకముందె నాటుకుంట."

లాస్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తిరుమలేశ్ వైపు చూసింది. వీటికి బదులు ఈమెకు నర్సరీ నుంచి కావలసినన్ని మొక్కలు ఇప్పించమంది. ఇవి మాత్రం ఇప్పుడు కుదరదని, వచ్చే వారం బహుమతి కమిటీ చూడటానికి వస్తుందని చెప్పింది. కోపంగా కాదు. ఫంక్షన్‌కు తెచ్చిన కుర్చీలు ఇంకో రోజు ఉంచుకుంటామన్నట్టు చెప్పింది.

"నర్సరీల చెట్టు రేపే కాయ కాస్తదా అమ్మా? ఇంట్ల నా పెనిమిటి ఉన్నడు. ఇయ్యాల కూరేంది మాకు?"

అప్పుడు లాస్య, తేల్చేయడానికి, త్రినాథరావును పిలిచింది. ఈ తోట మీరే కదండీ సెట్ చేసింది, మొక్కలు కొన్నవేనని ఈమెకు చెప్పండి అంది. పక్కనే రవిచంద్ర ఫోన్లో ఏదో చూసుకుంటూ, అవును మన ఆర్ట్ డైరెక్టరుగారే చెప్పాలి అన్నాడు. పాతికేళ్ళుగా త్రినాథరావు ఎదురుచూసిన పిలుపు అది. మొక్కలు కొనలేదని బాలమణి మాటల్లోనే ఆయనకు తేలిపోయింది. ఒక్క అబద్ధం చెబితే తెర మీద పేరు. ఆయన బాలమణి ముఖం చూడలేకపోయాడు. ఆమె చేతిలోని ఎర్రపేలిక చూశాడు. పొద్దున విప్పనివ్వకుండా ఆపింది తనే.

"కొన్నవి కావమ్మా," అన్నాడు. ఇక ఆగలేదు. "లేని చెట్టును ఉన్నట్టు కట్టేవాణ్ణి నేను. అది సెట్టని సినిమా చూసేవాడికీ తెలుసు. టిక్కెట్టు కొని మరీ మోసపోతాడు. మీరు నాచేత చేయించింది సెట్టు కాదు. ఉన్న తోటను లేకుండా చేయించారు. నాకు బొమ్మల తోటలు కట్టడం వచ్చు గానీ, ఇంత నీచపు పని ఇదివరకు చేయలేదు."

"రావుగారూ, ఎమోషనల్ అవ్వకండి. మొక్కలే కదండీ," అంది లాస్య.

రవిచంద్ర ఫోన్ మీంచి తలెత్తలేదు. "తిరుమలేశ్, ఆయన్ని పంపించెయ్," అన్నాడు. అంతటితో త్రినాథరావు పేరు తెర ఎక్కే కథ ముగిసింది.

కానీ ఆయన వెళ్ళలేదు. నేరుగా తోటలోకి నడిచి పందిరి గుంజ భుజానికెత్తుకున్నాడు. పొద్దున మోసిన మనుషుల్లో ఇద్దరు చేయి వేశారు. టీవీవాళ్ళు ఇంకా గేటు దాటలేదు కనుక ఆపడానికి లాస్యకు ధైర్యం చాలలేదు. ఇంటి పరువంతా ఆ గేటు దగ్గర నిలబడి ఉంది. ఆదినారాయణ వచ్చి వెనక తలుపు గడియ తీశాడు. ఎవరూ తీయమనలేదు. బసవపున్నయ్య కారెక్కబోతూ బాలమణి పక్కన ఆగి, ఎవరికీ వినబడకుండా చెప్పాడు: "తంగేడు బతకదమ్మా, తల్లివేరు పోయింది." ఆ రోజు ఆయన పలికిన నిజం అదొక్కటే. దాన్ని మైకు లేనప్పుడు పలికాడు.

పొద్దు గూకేదాకా నాటారు. బచ్చలి కొమ్మ గుచ్చితే లేస్తుంది, లేచింది. గంగవాయిలి దానంతటదే పాకింది. గోంగూర సగం దక్కింది. చిక్కుడు తీగ పూలన్నీ రాల్చి పందిరి మీదే ఎండింది. తంగేడు నిలువునా మాడింది. బాలమణి త్రినాథరావును క్షమించిందని రాస్తే మీకు హాయిగా ఉంటుంది. ఆమె తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. చిక్కుడు గింజలు పెట్టే కాలం దాటిపోయిందని మాత్రం చెప్పి, బిందె తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ చలికాలం ఆ ఇంట్లో ఏం తిన్నారో నేను అడగలేదు. మరుసటి దసరాకు బస్తీ ఆడవాళ్ళు పూల కోసం వచ్చి, ఉత్త బండ చూసి వెళ్ళిపోయారు.

కార్యక్రమం టీవీలో వచ్చింది. కృష్ణానగర్‌లో త్రినాథరావూ పుష్పవల్లీ చూశారు. తెర మీద బాలమణి ముఖం లేదు, కత్తిరించారు. రెండు చేతులు మాత్రం కనిపించాయి, కాయలు పోస్తూ. కమిటీ వచ్చే వేళకు నర్సరీ లారీలు రెండు దిగాయని, బహుమతి లాస్యకే వచ్చిందని తర్వాత తెలిసింది. పుష్పవల్లి, ఆ చేతులు ఎవరివండీ అని అడిగింది. ఆ తోట ఎవరిదో వాళ్ళవి అన్నాడు త్రినాథరావు. టీవీ కట్టేశాడు.

ఇళ్ళు కట్టుకునే అయ్యలారా, అమ్మలారా, మొక్కలు నాటుకోండి. కూరలు పండించుకోండి. గ్యాసు మానేసి కరెంటు మీద వండుకోండి. ఎవరూ వద్దనరు. కానీ మీ జనరేటరు గొట్టం ఎటు తిరిగి ఉందో ఒక్కసారి వెనక్కి వెళ్ళి చూసుకోండి. మీ తోటకొచ్చిన వేరు ఎక్కడ తెగి వచ్చిందో అడగండి. పక్కవాడి గడపలోకి పొగ తోసి, పక్కవాడి వాకిలి పెరికి తెచ్చుకుని, మా ఇల్లు పచ్చగా ఉందని చెప్పుకుంటే అది పచ్చదనం కాదు, దొంగతనం.